పక్క ఊరి యూనిట్ కొనాలా, ఉన్నదే పెంచాలా?

ప్రశ్న: తెనాలిలో ఇడ్లీ, దోశ పిండి తయారుచేసి రోజుకు 200 కిలోలు షాపులకు వేస్తున్నాం. ఇప్పుడు 350 కిలోల దాకా అడుగుతున్నారు. పక్క ఊళ్లో ఇలాంటి యూనిట్ ఒకటి అమ్మకానికి వచ్చింది. అది కొనమంటారా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఉన్నదాన్ని పెంచండమ్మా. మీ గ్రైండర్లు రోజుకు ఎన్ని గంటలు తిరుగుతున్నాయో ఒక వారం రాసి చూడండి. ఒక్క షిఫ్టే నడుస్తుంటే రెండో షిఫ్టుతోనే మీకు కావలసిన సరుకు వస్తుంది.

పిండి యూనిట్లలో అసలు చిక్కు రుబ్బే దగ్గర కాదు, చల్లబరిచే దగ్గర. రుబ్బిన పిండి వేడిగా ఉంటుంది. ప్యాకెట్లను వెంటనే ట్రేల్లో ఒకదానిమీద ఒకటి పేర్చి కోల్డ్ రూములో పెడితే, అంచున ఉన్నవి చల్లబడతాయి గానీ మధ్యలోవి తెల్లారేదాకా పులుస్తూనే ఉంటాయి. షాపుకు చేరేసరికి ఉబ్బిపోయి వాపసు వస్తాయి. మినప్పప్పును ఐసు నీళ్లతో రుబ్బండి. ప్యాకెట్లను ఒకే వరసలో, గాలి ఆడేలా పరిచి, లోపలి పిండి 5 డిగ్రీలకు దిగాకే ట్రేలకెత్తండి. అందుకే గ్రైండరు కన్నా ముందు కోల్డ్ రూముకు డబ్బు పెట్టాలి. కంప్రెసరు కొనకముందే అదనపు కరెంటు లోడుకు దరఖాస్తు చేసుకోండి.

ఇక అరువు. కిలో 60 రూపాయలనుకుంటే, 15 రోజుల అరువు మీద 200 కిలోలకు 1.80 లక్షలు షాపుల దగ్గర ఉండిపోతాయి. 350 కిలోలకు అది 3.15 లక్షలు. ఈ 1.35 లక్షల తేడా దగ్గరే చాలామంది అమ్మకాలు బాగున్నా ఊపిరాడక ఆగిపోతారు. బ్యాంకులో మిషన్ల లోనుతో పాటు వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ (రోజువారీ ఖర్చులకు వాడుకుని తిరిగి కట్టే అప్పు పరిమితి) కూడా అడగండి.

మీ బండి వేళకు చేరలేని షాపులు ఆ యూనిట్ చేతిలో ఉంటేనే దాన్ని కొనే మాట ఆలోచించండి. పాత గ్రైండర్ల కోసమైతే వద్దు. మూడు నెలల బిల్లులు తెప్పించుకుని, పెద్ద షాపులకు మీరే వెళ్లి మాట్లాడండి. వ్యాపారం మొత్తంగా చేతులు మారితే, అప్పటిదాకా ఉన్న జీఎస్టీ బకాయికి అమ్మినవారితో పాటు కొన్నవారూ బాధ్యులే. పీఎఫ్ బకాయిలూ వెంట రావచ్చు. కాబట్టి ధరలో కొంత ఆరు నెలలు మీ దగ్గరే ఆపుకునేలా అగ్రిమెంటు రాయించండి. వాళ్ల ఫుడ్ లైసెన్సు మీకు పనికిరాదు, మీ పేరున కొత్తది తీసుకోవాలి. బ్రాండ్ పేరు కూడా కొంటుంటే ట్రేడ్‌మార్క్ బదిలీ పత్రం విడిగా రాయించుకోవాలి.

ప్రశ్న: సూపర్ మార్కెట్‌కు సరుకు వేస్తే డబ్బు మూడు నెలలకు గానీ ఇవ్వడం లేదు. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సరుకు వేయకముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) చేసుకోండి, అది ఉచితం. సూక్ష్మ, చిన్న తయారీదారులకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు చెల్లించాలని చట్టం. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. ఉద్యమ్ నంబరు ప్రతి బిల్లు మీదా వేయండి, సరుకు అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. ఫిర్యాదు చేయాల్సి వస్తే మీకు ఆధారం ఆ కాగితాలే.