రోబో అనే మాటలో వెట్టి

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. మిర్చి యార్డులో టిక్కీలు (మిరపకాయల బస్తాలు) మోసే రోబో, దాని చుట్టూ మూగిన ముఠా కూలీలు! ఘాటుకి అందరూ తుమ్ముతుంటే అదొక్కటే తుమ్మకుండా నిలబడిన చోట నేనూ కాసేపు ఆగాను. అయితే ఒక్క విషయం మనసుకి పట్టలేదు. మొదట ‘రోబో’ అన్నావు, తర్వాత ‘మరమనిషి’, ఆఖర్న ‘యంత్రం’. మూడూ ఒకటే అనుకుని మార్చి మార్చి వాడావు. ఒకటి కావు నాయనా.

రోబోట్ ఇంగ్లీషులో పుట్టిన మాట కాదు. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో అచ్చువేసిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకంతో లోకానికి తెలిసింది. ఆయన ముందు లాటిన్ మాట పట్టుకుని ‘లాబొరి’ అని పెడదామనుకున్నాడు. అది మరీ పుస్తకాల మాటలా ఉందని వాళ్ల అన్న యోసెఫ్‌తో చెప్పుకున్నాడు. అన్న చిత్రకారుడు. నోట్లో కుంచె పెట్టుకుని బొమ్మ వేస్తూనే, ‘అయితే రోబోట్లు అను’ అని గొణిగాడట. చెక్‌లో ‘రొబొత’ అంటే భూస్వామి పొలంలో రైతు కూలి లేకుండా చేసి తీరాల్సిన పని. అచ్చంగా మన వెట్టి. వాళ్ల దేశంలో అది 1848లో రద్దయింది. నాటకం నాటికి ఇంకా డెబ్భై రెండేళ్లే.

పైగా ఆ నాటకంలో రోబోలు ఇనపవి కావు, కృత్రిమంగా తయారుచేసిన ఒళ్లున్నవి. చివరికి తిరగబడతాయి.

మర అంటే మనకు పిండిమర, మరమేకు, మరమగ్గం గుర్తొస్తాయి. అందులో ఇనుము ఉంది, చప్పుడు ఉంది, వెట్టి లేదు. యంత్రం అంటే మా నాయనమ్మకి గుమ్మానికి కట్టే రాగిరేకు కూడా.

నీ కథలో షావుకారు ‘దీనికి కూలి ఇవ్వక్కర్లేదు’ అంటాడు చూడు, అదే నీ కథకి ప్రాణం. అక్కడ రోబో అనే మాటే ఉంచు. షావుకారు మాట విని ముసలి కూలీ నవ్వి ఊరుకున్నాడని రాశావు. ఆయనకి వాళ్ల తాత చేసిన చాకిరీ గుర్తు రాదా? ఆ ఒక్క సీను మళ్లీ రాయి, మిగతావి కదపకు.

జనవరిలో పుస్తకాల పండక్కి విజయవాడ వస్తాను. తిరగరాసిన కాగితాలు తీసుకురా, కృష్ణ ఒడ్డున కూర్చుని చదువుదాం.