గిటారు గిటారులా మోగకపోతేనేం?

ఐర్లండ్‌లో ఇప్పుడు పైకి వస్తున్న పోస్ట్‌పంక్ (పంక్ రాక్ తర్వాత పుట్టిన, బేస్ గిటారు ముందుండి నడిపే రాక్ సంగీతం) బృందాల్లో సైకెడెలిక్ ఛాయ, అంటే మత్తులో తేలించే గుణం, నిజంగా ఉన్నది ఏదని మీరు అడిగారు. నా జవాబు జస్ట్ మస్టర్డ్. ఏడేళ్ళుగా డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న నాకు ఆ నగరపు బృందాలంటే ఇష్టమే. అయితే డబ్లిన్ బృందం ఫాంటెయిన్స్ డి.సి. పేరు తెచ్చుకున్నాక ఆ దేశంలో ఎవరు గిటారు పట్టినా వాళ్ళ తమ్ముళ్ళే అన్నట్టు పత్రికలు రాయడం నాకు మింగుడు పడదు. జస్ట్ మస్టర్డ్ వాళ్ళది అసలు డబ్లినే కాదు, ఉత్తరాన సరిహద్దుకు దగ్గరగా ఉన్న డండాక్.

వాళ్ళ సంగీతం నాకు అర్థమైంది కూడా ఆ ఊళ్ళోనే, రేవు ఒడ్డున ఉన్న స్పిరిట్ స్టోర్ అనే చిన్న వేదికలో. పాట మొదలవగానే, స్పీకరు పక్కన గట్టు మీద పెట్టుకున్న నా గ్లాసులోని నీళ్ళు వలయాలు వలయాలుగా వణికాయి. కేటీ బాల్ దాదాపు కదలకుండా నిలబడి జోలపాట పాడినంత మెత్తగా పాడుతుంటే, వెనక ఒక గిటారు దూరాన రైలు బ్రేకులు వేసినట్టు కీచుమంటోంది, మరొకటి సైరనులా లేచి పడుతోంది. గిటారు వాయిస్తున్న డేవిడ్ నూనన్ వేళ్ళకంటే, గిటారు ధ్వనిని మార్చే పెడళ్ళ మీద పాదాలే ఎక్కువ పని చేస్తున్నట్టు నాకు అనిపించింది. బాణీని మోస్తున్నది మంద్రస్వరాలు పలికే రాబ్ క్లార్క్ బేస్ గిటారు. పోస్ట్‌పంక్ వారసత్వమంటే నా దృష్టిలో అదే.

సైకెడెలిక్ అనగానే చాలామంది 1960ల నాటి రంగురంగుల చొక్కాలనూ సితారునూ తలుచుకుంటారు. ఒకే నాదం చెవిలో నిలిచిపోయి కాలం తెలియకుండా చేయడమే దాని అసలు గుణమని నేను నమ్ముతాను. చిన్నప్పుడు విజయవాడలో కచేరీకి ముందు తంబూరా శ్రుతి వింటూ కూర్చుండిపోయిన అనుభవం నాకుంది కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను. తంబూరా శ్రుతి తప్పదు. వీళ్ళ గిటార్లు కావాలనే జారిపోతాయి, ఆ జారుడులోనే మత్తు ఉంది.

ఆ రాత్రి నా వెనక ఇద్దరు, పాటలోని మాటలు వినబడటం లేదని చివరిదాకా గొణుగుతూనే ఉన్నారు. ఈ బృందంలో గొంతు మిగతా వాద్యాలపై సవారీ చేయదు, వాటిలో ఒకటిగా కలిసిపోతుంది.

వాళ్ళ ఆల్బమ్‌లలో 2018లో వచ్చిన ‘వెన్స్‌డే’, 2025లో వచ్చిన ‘వి వర్ జస్ట్ హియర్’ రెండూ మంచివే, రెండోదానిలో వెలుతురు ఎక్కువ. అయినా మీరు మాత్రం డేవిడ్ రెంచ్ మిక్సింగ్ చేసిన 2022 నాటి ‘హార్ట్ అండర్’తో మొదలుపెట్టండి, 10 పాటలనూ వరుస మార్చకుండా వినండి. ఫోను స్పీకరులో మాత్రం వద్దు; అందులో బేస్ వినిపించదు, బేస్ లేనిదే ఆ గిటార్ల మోతకు కాలు మోపే నేల ఉండదు.