సెన్స్ కోట దాటేదెట్లా?

ఈ నెల గేమింగ్ పేజీకి సీమ నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే చోట ఆగిపోయినవాళ్లవి. ఆ చోటు ‘డార్క్ సోల్స్’లోని సెన్స్ ఫోర్ట్రెస్. ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2011లో తెచ్చిన ఈ గేమ్, 2018లో రీమాస్టర్డ్‌గా పీసీ, పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్, స్విచ్‌లకు వచ్చింది. జవాబులన్నీ రీమాస్టర్డ్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవే. అన్‌డెడ్ పారిష్ చర్చి మీది గంట, బ్లైట్‌టౌన్ అడుగున క్వీలాగ్ కాపలా కాసే గంట, రెండూ మోగించిన తర్వాతే ఈ కోట తలుపు లేస్తుంది. ఇంకా తెరుచుకోలేదని రాసినవాళ్లు ముందు ఆ రెండో గంట సంగతి చూసుకోండి.

ప్ర: బ్రిడ్జి మీద గొడ్డళ్లు ఊగుతాంటాయి కదన్నా, ఎట్ల పోయినా రెండోదానికో మూడోదానికో తగిలి కిందపడిపోతాండా. పైనుంచి మెరుపులు ఏసే పాము ఒకటి. రోల్ కొట్టుకుంటా పోతే సరిపోతాదా?
*– పాఠకుడు, ఆదోని*

జ: రోల్ (దొర్లి తప్పించుకోవడం) అసలు వద్దు. ఒక్క రోల్‌కు మనిషి ఎంత దూరం పోతాడో, ఆ వంతెన వెడల్పు ఎంతో ఒకసారి పోల్చి చూడండి. కొంచెం వంకరగా పడినా నేరుగా తారు గుంటలోకే. ఇక్కడ పనిచేసేది నడక, ఆగడం, మళ్లీ నడక.

మొదట ఆ పాము మాంత్రికుడి సంగతి తేల్చండి. అది బతికుండగా గొడ్డళ్ల లెక్క మీద మనసు నిలవదు. మామూలు షార్ట్ బో, కొన్ని బాణాలు చాలు. వంతెన ఎక్కకముందే గుమ్మం దగ్గర నిలబడి, గురిపెట్టి కొట్టండి. అది మెరుపు విసిరితే గోడ చాటుకు జరగండి, విసరడం అయిపోగానే మళ్లీ బయటికి రండి. మెరుపును షీల్డ్‌తో ఆపుదామనుకోవద్దు. మామూలు షీల్డ్‌లు కత్తిదెబ్బను పూర్తిగా ఆపుతాయి గానీ మెరుపులో కొంత లోపలికి వచ్చేస్తుంది. ఆ తోపుకు అడుగు అటూ ఇటూ అయితే చాలు, కిందికే.

తర్వాత గొడ్డళ్లు. ఊగే లోలకం మధ్యలో అతి వేగంగా, రెండు చివర్లలో అతి నెమ్మదిగా ఉంటుంది. అంటే బ్లేడు వంతెనను దాటి పక్కకు పోయిన మరుక్షణమే మనకు అన్నిటికన్నా ఎక్కువ సమయం దొరుకుతుంది. చాలామంది చేసే పొరపాటు, అది పక్క చివరికి పూర్తిగా చేరేదాకా చూసి అప్పుడు కదలడం. అప్పటికి సగం సమయం అయిపోయి ఉంటుంది. బ్లేడు మీ ముక్కు ముందు నుంచి పోవాలి, పోగానే మీరు కదలాలి. ఒక బ్లేడు దాటాక తర్వాతి దానికి ముందు నిలబడేంత చోటు ఉంటుంది. అక్కడ ఆగండి. ఒక్క ఊపులో అన్నీ దాటాలన్న ఆత్రం వద్దు.

ఇంకో రెండు జాగ్రత్తలు. కెమెరాను సరిగ్గా మీ వెనక్కి తిప్పుకుని, వంతెన నిలువుగా కనిపించేలా పెట్టుకోండి. రెండోది లాక్-ఆన్, అంటే చూపును ఒక శత్రువు మీదే బిగించడం. వంతెన మీద ఉండగా శత్రువును లాక్ చేస్తే మీ మనిషి వాడి చుట్టూ వంపు తిరుగుతూ నడుస్తాడు. తిన్నగా నొక్కామనుకుంటాం, కాలు అంచు దాటిపోతుంది. కాబట్టి వంతెన ఎక్కే ముందే లాక్ తీసేయండి. అవతలి నుంచి కత్తి పట్టిన పాము ఎదురొస్తే ముందుకు పోకండి, వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడి రప్పించుకోండి. ఈ కోటలో ఉచ్చులకు మన, పర భేదం లేదు. గొడ్డళ్లు వాటినీ కోస్తాయి.

ప్ర: పడితే చచ్చిపోవడం లేదు, కింద బురదలో ఉంటున్నాను. అక్కడ తల లేని పెద్ద రాక్షసులు చంపుతున్నారు. సోల్స్ అన్నీ పోయాయి.
*– పాఠకురాలు, కడప*

జ: అవి టైటనైట్ డీమన్లు, ఆ గుంటలో నాలుగు ఉన్నాయి. తారులో మీ నడక, రోల్ రెండూ మందగిస్తాయి, వాటికి ఆ ఇబ్బంది లేదు. మొదటిసారి వాటితో పోట్లాట పెట్టుకోకండి. గోడ పట్టుకుని నడిస్తే పైకి పోయే నిచ్చెన దొరుకుతుంది. అసలు కోటలోకి అడుగుపెట్టేముందే చేతిలోని సోల్స్ (శత్రువులను చంపితే వచ్చే, ఈ గేమ్‌లో డబ్బులాంటివి) ఖర్చుపెట్టేయడం మంచిది.

ప్ర: నేను లెవెల్ చాలా పెంచుకున్నాను. అయినా రెండు దెబ్బలకే పోతున్నా. ఇంకా ఎంత లెవెల్ కావాలి?
*– ఇంటర్ విద్యార్థి, తాడిపత్రి*

జ: లెవెల్ కన్నా ఆయుధం చూసుకోండి తమ్ముడూ. చేతిలోని కత్తి ఇంకా మామూలుగానే ఉంటే ఒక్కో పామును చంపడానికి పది దెబ్బలు కొట్టాలి. అన్ని దెబ్బలు కొడుతూ కూర్చుంటే రెండో పాము వచ్చి చేరుతుంది. కోటకు పోయే దారిలోనే కమ్మరి ఆండ్రే ఉన్నాడు. ఆయుధాన్ని గట్టిపరిచే టైటనైట్ షార్డ్ ఒక్కోటి 800 సోల్స్‌కు అమ్ముతాడు. మామూలు ఆయుధం +5 కావడానికి వరుసగా 1, 1, 2, 2, 3, అంటే మొత్తం 9 షార్డ్‌లు పడతాయి. అన్నీ కొనుక్కున్నా 7,200 సోల్స్, పైన అతని కూలి. +5 దాటాలంటే డెప్త్స్ అనే చోట దొరికే లార్జ్ ఎంబర్ అనే వస్తువు ఆండ్రేకి తెచ్చివ్వాలి.

రెండోది బరువు. మీరు మోయగల బరువు మీ ఎండ్యూరెన్స్ (ఓర్పు) అంకెకు 40 కలిపితే వచ్చేదే. ఎండ్యూరెన్స్ 20 అనుకుంటే మోత 60. అందులో నాలుగో వంతు, అంటే 15 లోపు ఉంటే రోల్ చురుగ్గా ఉంటుంది. 30 దాకా మధ్యరకం. అది దాటితే మూటలా దొర్లడమే. లోహపు కవచం మొత్తం తొడిగి, పెద్ద షీల్డ్ పట్టి, దెబ్బ తప్పించుకోలేకపోతున్నానంటే తప్పు వేళ్లది కాదు, మూటది. హావెల్ ఉంగరం మోతను సగం పెంచుతుంది, దొరికి ఉంటే తొడగండి.

ఇక ఎస్టస్, అంటే తాగితే ప్రాణం నింపే సీసా. ఆండ్రే మీది అంతస్తులోనే బాన్‌ఫైర్ (ఆగి కోలుకునే, చచ్చిపోతే మళ్లీ మొదలయ్యే మంట) ఉంది. అక్కడ హ్యుమానిటీ అనే వస్తువు ఒకటి వాడి మనిషి రూపంలోకి రండి, ఇంకో హ్యుమానిటీతో మంటను పెంచండి. 5 ఉన్న ఎస్టస్ 10 అవుతుంది. ఆ రెండు హ్యుమానిటీలు దాచుకోకండి, ఈ కోటకు ఖర్చు పెట్టినంత లాభం వేరే చోట రాదు. షీల్డ్ ఎత్తి ఉంచితే స్టామినా నెమ్మదిగా నిండుతుందన్నది కూడా గుర్తుంచుకోండి. పాము దెబ్బకూ దెబ్బకూ మధ్య షీల్డ్ దించాలి.

ప్ర: గుండ్రాళ్లు వచ్చే దారిలో ఎటు పోవాల? పైకి పోతే రాయి, కిందికి పోతే రాయి.
*– పాఠకుడు, ప్రొద్దుటూరు*

జ: పైకే పోవాలి. గుమ్మంలోనే నిలబడి రెండు మూడు రాళ్లు పోనివ్వండి. వాటి మధ్య వ్యవధి ఒకేలా ఉంటుందని మీకే తెలుస్తుంది. ఒక రాయి మీ ముందు నుంచి దాటగానే పరుగు బటన్ నొక్కిపట్టి ఎక్కేయండి. పీఎస్4లో సర్కిల్, ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో బీ. స్టామినా నిండుగా ఉంటేనే బయలుదేరాలి. సగం స్టామినాతో మొదలుపెట్టినవాళ్లే దారి మధ్యలో నడకలో పడి రాయి కింద నలుగుతారు. పాము వెంట పడితే దాన్ని ఆ దారిలోకి లాగండి, రాయే పని చూసుకుంటుంది.

పైన రాళ్లను వదిలే యంత్రం దగ్గర ఒక మీట ఉంటుంది. దాన్ని తిప్పితే రాళ్లు పోయే దిక్కు మారుతుంది. ఒక దిక్కులో వదిలితే రాయి ఒక గోడను పగలగొడుతుంది, దాని వెనక కవెటస్ గోల్డ్ సర్పెంట్ రింగ్ ఉంది. శత్రువుల నుంచి వస్తువులు ఎక్కువగా రాలేలా చేసే ఉంగరం. అంత దూరం పోయినవాళ్లు దాన్ని వదలకండి.

ప్ర: చెస్ట్ తెరవబోతే అదే నన్ను మింగింది! లిఫ్ట్ ఎక్కితే పైన మేకులకు గుచ్చింది. ఇది అన్యాయం కాదా?
*– పాఠకుడు, కర్నూలు*

జ: కోపం వస్తుంది, నిజమే. కానీ అన్యాయం అనలేం. ఈ కోట చంపేముందు ప్రతిచోటా ఒక గుర్తు చూపిస్తుంది. మన గుత్తి కోట ఎక్కేటప్పుడు ఒక ద్వారం దాటగానే ఇంకో ద్వారం ఎదురై శత్రువు అడుగు నెమ్మదించినట్టే, ఇక్కడా పరుగెత్తేవాడికి శిక్ష, చూసి నడిచేవాడికి దారి. లిఫ్ట్ పలక మీద నెత్తురు మరకలున్నాయి, గమనించారా? అదే హెచ్చరిక. ఎక్కండి గానీ పైదాకా పోకండి, మధ్యలో గుమ్మం రాగానే దిగిపోండి.

చెస్ట్‌కు పక్కనుండే గొలుసు చూడండి. మామూలు పెట్టె గొలుసు చుట్టుకుని పడి ఉంటుంది. మిమిక్ (పెట్టె వేషంలోని రాక్షసి) గొలుసు తిన్నగా ముందుకు చాచి ఉంటుంది. కాసేపు కదలకుండా చూస్తే పెట్టె ఊపిరి పీల్చినట్టు మెదలడం కూడా కనిపిస్తుంది. అనుమానమొస్తే దూరం నుంచి లాయిడ్స్ టాలిస్మన్ అనే వస్తువు విసరండి, అది నిద్రపోతుంది, లోపలిది తీసుకోవచ్చు. లేకపోతే ఒక దెబ్బ కొట్టి చూడండి. మిమిక్ అయితే లేచి తంతుంది, కాలితో తన్నే ఆ దెబ్బలు గట్టివి, కాబట్టి వెనక ఖాళీ స్థలం ఉంచుకోండి. ఈ కోట మిమిక్ దగ్గర లైట్నింగ్ స్పియర్ ఉంది. గేమ్‌లో ఈ దశకు దానికి మించిన ఈటె లేదనే చెబుతాం.

బాణాల ఉచ్చు కూడా అంతే. నేలలో కొంచెం ఉబ్బెత్తుగా ఉన్న చదరపు రాయి మీద కాలు పడితే గోడ నుంచి బాణాలు వస్తాయి. కోట గుమ్మం దాటగానే మొదటిది అక్కడే ఉంది. పక్కలనుంచి వచ్చే రెండు పాములను ఆ బాణాల దారిలోకి రప్పించి, మీరు పక్కకు తప్పుకోండి. మీ కత్తి తీయకముందే వాటి ప్రాణం సగానికి వస్తుంది.

ప్ర: ఈ లెవెల్‌లో బాన్‌ఫైర్ లేదా? ప్రతిసారీ మొదటినుంచి రావల్లంటే ఊపిరి సలపడంలేదు.
*– పాఠకుడు, గుంతకల్లు*

జ: ఉంది. చాలామంది దాని పక్కనుంచే పరుగెత్తి పోతారు. కోట లోపలి భాగం అంతా దాటి ఆకాశం కనిపించే మిద్దె మీదికి చేరగానే ఒక రాక్షసుడు దూరం నుంచి పెద్ద పెద్ద మంట బాంబులు విసురుతాడు. ఆ భయంతో అందరూ ముందుకే ఉరుకుతారు. అలా కాకుండా ఒక బాంబు పేలాక, తర్వాతిది వచ్చేలోపు, పిట్టగోడ విరిగి ఖాళీగా ఉన్న చోటు వెతకండి. కెమెరా కిందికి వంచి చూస్తే కొంచెం కింద చిన్న అరుగు కనిపిస్తుంది. దాని మీదికి దిగండి, దూకే అవసరం లేదు, నడుస్తూ అంచు దాటితే చాలు. అక్కడే బాన్‌ఫైర్. కూర్చున్న వెంటనే దాన్ని కూడా పెంచుకోండి.

మిద్దె మీద వెతికితే కేజ్ కీ కూడా దొరుకుతుంది. దానితో బోను లిఫ్ట్ తెరిస్తే కింది గుమ్మానికి దగ్గరి దారి వస్తుంది. ఇక గొడ్డళ్లు, గుండ్రాళ్లు మళ్లీ దాటక్కర్లేదు. ఇక్కడే ఒక వ్యాపారి కూడా ఉంటాడు, బాణాలు అయిపోయినవాళ్లు వెతుక్కోండి.

ప్ర: ఐరన్ గోలెమ్ నన్ను పట్టుకుని కోట మీదనుంచి విసిరేస్తాండాది. దగ్గరికి పోయేదెట్లా?
*– పాఠకుడు, అనంతపురం*

జ: ఐరన్ గోలెమ్ ఈ కోట చివర ఎదురయ్యే పెద్ద ఇనుప శత్రువు. దాని దగ్గరికి పోవడమే మందు. దూరంగా నిలబడితే గొడ్డలి ఊపి గాలి కత్తిని పంపుతుంది, మధ్య దూరంలో ఉంటే చెయ్యి చాచి పట్టుకుంటుంది. కాళ్ల మధ్య ఉన్నవాడిని పట్టుకోవడమే దానికి కష్టం.

మొదట బాంబుల రాక్షసుడిని చంపండి. వాడు బతికుంటే గోలెమ్ పోరాటం మధ్యలోకీ బాంబులు విసురుతాడు. విల్లుతో దూరంనుంచైనా కొట్టొచ్చు. తర్వాత పోరు జరిగే చోటికి ముందున్న పొగతెర దాటగానే గోలెమ్ గాలి కత్తి విసురుతుంది, పక్కకు రోల్ చేసి దాని కిందికి ఉరకండి. ఒకే కాలిని కొడుతూ ఉండండి. కాళ్లు మార్చి మార్చి కొట్టకండి. కొన్ని దెబ్బలకు అది తూలుతుంది. ఇంకా కొడితే పడిపోతుంది. తూలినప్పుడు అది వేదిక అంచు దగ్గర ఉంటే ఏకంగా కిందికే పడిపోతుంది, పోరు అక్కడితో సరి. అంచు మీకూ అంచే కాబట్టి మీ వీపు ఎప్పుడూ వేదిక నడుమ వైపు ఉండాలి. స్టామినా మొత్తం దెబ్బలకే ఖర్చు చేయకండి, ఒక రోల్‌కు సరిపడా మిగల్చండి. కాలు ఎత్తి తొక్కబోతే అది కావాలి.

ఒంటరిగా కాకపోతే పొగతెరకు ముందు మనిషి రూపంలో ఉండి వెతకండి, బ్లాక్ ఐరన్ టార్కస్ పిలుపు గుర్తు కనిపిస్తుంది. నల్లటి ఇనుప కవచం తొడిగిన ఆ యోధుడు చాలాసార్లు గోలెమ్‌ను తానొక్కడే పడగొట్టేస్తాడు. మీరు దెబ్బలు తినకుండా నిలబడితే చాలు. అతన్ని పిలవడం చిన్నతనమని కొందరు రాశారు. మేమలా అనుకోం, గేమ్ చేసినవాళ్లే పెట్టిన సాయం అది. గెలిస్తే 40,000 సోల్స్ వస్తాయి. వేదిక మధ్యలో కనిపించే బంగారు వెలుగు వలయాన్ని తాకితే తర్వాతి చోటు అనోర్ లోండోకు చేరుకుంటారు.

ప్ర: కరెంటు పోయి సిస్టమ్ ఆగిపోయింది, సేవ్ ఫైల్ పాడైందని చూపిస్తోంది. ముందే కాపీ పెట్టుకోవచ్చా?
*– పాఠకురాలు, కర్నూలు*

జ: పోయినదాన్ని తెచ్చుకోవడం కష్టం, ఇకమీదట మాత్రం కాపీ పెట్టుకోండి. ఈ గేమ్ ఎప్పటికప్పుడు తనంతట తానే సేవ్ చేస్తూ ఉంటుంది, ఆ రాసే క్షణంలో కరెంటు పోతే ఫైల్ దెబ్బతింటుంది. విండోస్‌లో డాక్యుమెంట్స్ ఫోల్డర్ తెరిచి, ఎన్‌బీజీఐ, దానిలో డార్క్ సోల్స్ రీమాస్టర్డ్ అనే ఫోల్డర్‌లోకి పోండి. అంకెల పేరుతో ఉన్న ఫోల్డర్ లోపల ఎస్ఎల్2 అని ముగిసే ఫైల్ ఉంటుంది. గేమ్ పూర్తిగా మూసేశాక దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, తేదీ పేరుతో వేరే ఫోల్డర్‌లో. డెస్క్‌టాప్ వాడేవాళ్లు యూపీఎస్ పెట్టుకుంటే, కరెంటు పోగానే మెనూలోంచి క్విట్ గేమ్ నొక్కి బయటికి వచ్చేంత సమయం దొరుకుతుంది.