పెట్టె మీది వెడల్పు, కంటికి అందే వెడల్పు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది చిత్తూరు. హైస్కూల్లో సైన్సు చెప్పి పోయిన ఏడాది రిటైరయ్యాను. పొద్దున చెరువు కట్ట మీద నడుస్తూ పిట్టలను చూడటం అలవాటైంది. పాతిక వేల లోపు మంచి బైనాక్యులర్ కొనాలని ఉంది. వైడ్ యాంగిల్ అయితే పిట్ట త్వరగా దొరుకుతుందని తెలిసినవాళ్లు చెప్పారు. నికాన్‌లో రెండు చూశాను. అక్యులాన్ ఏ211 8×42కి 8 డిగ్రీలు అని ఉంది. మోనార్క్ ఎం5 8×42కి 6.4 డిగ్రీలే. ధర చూస్తే రెండోదే చాలా ఎక్కువ. ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ వెడల్పు ఎందుకు కొనాలి? దూరపు చూపుకు కళ్లద్దాలు వాడతాను.

జవాబు: మాస్టారూ, మీరు చివర్లో రాసిన ఆ కళ్లద్దాల మాటే ఇక్కడ అసలు విషయం. దాని దగ్గరికి వచ్చే ముందు మీ అంకెల సంగతి చూద్దాం. 8×42లో 8 అంటే ఎనిమిదింతలు పెద్దగా చూపుతుందని, 42 అంటే ముందు అద్దం అడ్డుకొలత 42 మిల్లీమీటర్లని. డిగ్రీలు చెప్పేది ఒక్క చూపులో ఎంత మేర కనబడుతుందో.

8 డిగ్రీలంటే వెయ్యి మీటర్ల దూరాన 140 మీటర్ల మేర కనబడుతుంది. 6.4 అయితే 112 మీటర్లు. పిట్టను వెయ్యి మీటర్ల నుంచి ఎవరం చూడం కాబట్టి ఇరవై మీటర్ల లెక్కకు తెచ్చుకుందాం. ఒకదాంట్లో 2 మీటర్ల 80 సెంటీమీటర్లు, ఇంకోదాంట్లో 2 మీటర్ల 24. ఈ అర మీటరు తేడా కరెంటు తీగ మీద కదలకుండా కూర్చునే పాలపిట్ట దగ్గర తెలియదు. చింతచెట్టు గుబురులో కొమ్మ నుంచి కొమ్మకు దూకే చిన్న పిట్టను వెతికేటప్పుడు బాగా తెలుస్తుంది. మీవాళ్లు చెప్పింది నిజమే.

అయితే ఆ 8 డిగ్రీలు మీ కంటిదాకా రావాలి కదా. పెట్టె మీద ఐ రిలీఫ్ అని ఇంకో అంకె ఉంటుంది. కన్ను అద్దానికి ఎంత దూరంలో ఉన్నా దృశ్యం మొత్తం కనబడుతుందో చెప్పే కొలత అది. అక్యులాన్‌కు 12 మిల్లీమీటర్లు, మోనార్క్ ఎం5కు 19.5. కళ్లద్దాలు పెట్టుకుంటే కంటికీ బైనాక్యులర్‌కీ మధ్య ఆ ఫ్రేము ఎడం వచ్చేస్తుంది. అందుకే కళ్లద్దాలవాళ్లకు 15, 16 మిల్లీమీటర్లయినా ఉండాలంటాను. 12 ఉన్నదాన్ని కళ్లద్దాల మీద ఆనిస్తే చుట్టూ నల్లటి అంచు వచ్చి దృశ్యాన్ని తినేస్తుంది. మీరు డబ్బు పెట్టేది దృశ్యం చుట్టుపక్కల ఉన్న ఆ మేర కోసమే, పోయేదీ అదే.

ఇది నేను పడ్డ బాధే. నలభై రెండో ఏట నాకు కళ్లద్దాలు వచ్చాయి. అప్పుడు నా దగ్గర ఉన్నది వెడల్పుగా కనబడే పాత పోరో బైనాక్యులర్ (ముందు గొట్టాలు ఎడంగా ఉండే రకం), అదంటే నాకు ప్రాణం. ఆ చలికాలం తలకోన వెళ్లాం. దారి పక్క బండల మీద పసుపు గొంతు పికిలిపిట్ట వాలింది. తలా గొంతూ పసుపు, ఒళ్లు బూడిద రంగు, తోక కింద మళ్లీ పసుపు. దక్షిణాది రాతి కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని పిట్ట అది. బైనాక్యులర్ ఎత్తాను. తాళం చెవి కన్నంలోంచి చూసినట్టు ఒక చిన్న వలయం, అందులో ఉత్త బండ. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టి మళ్లీ ఎత్తేసరికి పిట్ట లేదు. పక్కనున్న స్నేహితురాలు తనది ఇచ్చింది. కాగితం మీద దాని వెడల్పు నాదానికన్నా తక్కువ. కళ్లద్దాలతో చూస్తే నిండు చంద్రుడిలా పూర్తి వలయం కనబడింది. కాసేపటికి పిట్ట మళ్లీ వచ్చింది, ఈసారి తోక కింద పసుపుతో సహా చూశాను.

కాబట్టి మీకు నా సలహా మోనార్క్ ఎం5. పైన పెట్టే డబ్బు ఊరికే పోదు. నీళ్లు దూరవు, లోపల నైట్రోజన్ నింపి ఉంటుంది గనక అద్దాల లోపలి వైపు ఆవిరి పట్టదు. 630 గ్రాములే, అక్యులాన్ 755. అది ఐదు మీటర్ల కన్నా దగ్గరున్నదాన్ని స్పష్టంగా చూపదు, ఇది రెండున్నర మీటర్లకే చూపుతుంది. పెరట్లో సీతాకోకచిలుకలను కూడా చూసుకోవచ్చు. వెడల్పూ, ఐ రిలీఫూ రెండూ కావాలంటే అదే కంపెనీ మోనార్క్ ఎం7 8×42 ఉంది: 8.3 డిగ్రీలు, 17.1 మిల్లీమీటర్లు. కానీ మీ పాతిక వేలు దానికి చాలవు. దానికోసం ఏడాది ఆగమని మాత్రం అనను, ఈ చలికాలం పిట్టలు మళ్లీ రావు.

ఇంకో దారి కూడా ఉంది. మీ కళ్లద్దాల చీటీ తీసి సిలిండర్ అంకె (కంటి వంపు అన్ని వైపులా సమానంగా లేనప్పుడు రాసే పవరు) చూడండి. అది లేకపోయినా, చాలా తక్కువగా ఉన్నా కళ్లద్దాలు తీసేసి చూడవచ్చు. మామూలు దూరపు చూపు పవరును ఫోకస్ చక్రం సర్దేస్తుంది, సిలిండర్‌ను సర్దలేదు. అలా చూసే ఓపిక ఉంటే అక్యులాన్ వెడల్పు మొత్తం మీదే. కాకపోతే పిట్టను ముందు కళ్లద్దాలతో పోల్చుకుని, వాటిని తీసి, తర్వాత బైనాక్యులర్ ఎత్తాలి. నాకు అది కుదరలేదు.

ఏది కొన్నా షాపులో ట్యూబులైటు కింద చూసి తెచ్చుకోకండి. బయటికి తెచ్చి, మీ కళ్లద్దాలు పెట్టుకుని, కంటికి ఆనించే కప్పులను (ఐకప్పులు) పూర్తిగా కిందికి తిప్పి, ఎదురుగా ఉన్న కరెంటు స్తంభాన్ని చూడండి. నల్ల అంచు లేని పూర్తి వలయం రావాలి. తర్వాత స్తంభాన్ని మెల్లగా వలయం పక్కకు జరపండి. అంచుకు వచ్చేసరికి మసకబారి వంగిపోతే ఆ వెడల్పులో కొంత పేరుకే అనుకోండి. ‘వైడ్’ అన్న అక్షరాలను నమ్మకండి, డిగ్రీలు అడగండి.

10×42 జోలికి వెళ్లాలా అని మీరు అడగలేదు గానీ, నెలపట్టు పక్షుల అభయారణ్యానికి వెళ్తే అక్కడ ఎవరో ఒకరు ఆ మాట మీకు ఎక్కిస్తారు. పదింతలు చేస్తే చేతి వణుకు కూడా పదింతలవుతుంది. ఎం5లోనే 10×42కి వెడల్పు 5.6 డిగ్రీలకు పడిపోతుంది. నెలపట్టులో గూడబాతు పిల్ల తల్లి నోటి సంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు తింటుంటే నేను వాచ్ టవర్ మీంచి ఎనిమిదింతల దాంతోనే చూశాను. పిల్ల మెడ కదలడం కూడా తెలిసింది.

ప్రశ్న: అక్కా, నేను తిరుపతిలో డిగ్రీ చదువుతున్నా. ఎగ్జిబిషన్‌లో జూమ్ బైనాక్యులర్ తక్కువకు ఇస్తున్నారు. ముందు అద్దాలు ఎర్రగా మెరుస్తున్నాయి. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు తమ్ముడూ. నా మొదటిది అలాంటిదే, ఒక స్టాల్లో కొన్నాను. రెండు గొట్టాలూ ఒకే వైపు చూసేవి కావు. పావుగంటకే తలనొప్పి వచ్చేది. ఆ ఎర్ర పూత ఎర్ర వెలుగును వెనక్కి కొట్టేస్తుంది, పిట్ట రంగులు ఆకుపచ్చ ఛాయకు మారిపోతాయి. జూమ్‌లో వెడల్పు ఇంకా తక్కువ. నీకు కళ్లద్దాలు లేకపోతే డబ్బు కూడబెట్టి పైన చెప్పిన అక్యులాన్ తీసుకో, అది నీకు సరిగ్గా సరిపోతుంది. కొన్నాక ముందు కుడి వైపు మూసి, ఎడమ కంటికి మధ్య చక్రం తిప్పి స్పష్టం చేసుకో. తర్వాత ఎడమ మూసి, కుడి కంటి దగ్గరున్న రింగుతో అదే వస్తువును స్పష్టం చేసుకో. ఆ రింగు ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకో, ఇంకెవరైనా చూసి ఇస్తే మళ్లీ అక్కడికే తెచ్చుకోవాలి.

ప్రశ్న: బైనాక్యులర్ లోపల బూజు చారలు వచ్చాయి. ఎందుకు? – చంద్రగిరి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: బీరువాలో తోలు సంచిలో పెట్టి ఉంటారు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. బూజును రిపేరువాళ్లే తీయాలి, మీరు విప్పకండి. ఇకనుంచి గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. రంగు మారే గింజలు దొరికితే అవి తెచ్చుకోండి, నీలం పోయి గులాబీకి తిరిగితే మార్చాలని తెలుస్తుంది.