రాకెట్టు అని రాస్తే సైన్స్ కవిత అయిపోద్దా? (పాఠకుల ప్రశ్నలు)

ప్రశ్న: సార్, నేను డిగ్రీ చదవతా ఉండా. శ్రీహరికోటలో ఉండే షార్ కేంద్రం రాకెట్ల మీద 24 లైన్ల సైన్స్ ఫిక్షన్ కవిత రాసి ఈ లెటర్‌తో పంపిస్తున్నా. కాలేజీలో చదివితే చప్పట్లు కొట్టినారు గానీ మా తెలుగు సార్ మాత్రం "ఇందులో సైన్సూ లేదు, ఫిక్షనూ లేదు" అనేశారు. మీరన్నా నిజం చెప్పండి.
(ఒక పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: నిజం చెప్తే అలగగూడదు తల్లీ. మీ సార్ చెప్పింది ముప్పాతిక కరెక్టే. "నిప్పులు చిమ్ముతూ నింగికెగసే ఓ వీరుడా" అని మొదలుపెట్టావు గదా, అందులో రాకెట్టు తీసేసి డేగని పెట్టు, లేకపోతే మీ వార్డులో ఎలక్షన్‌కి నిలబడ్డాయన్ని పెట్టు, ఇంకొక్క ముక్క మార్చకుండా కవిత అట్నే నడిచిపోద్ది. నేను చూసేది ఇదొక్కటే. సైన్స్ ముక్క పీకేస్తే కవిత కూలబడాల. కూలకపోతే అది అలంకారానికి తగిలించిన బల్బు.

కానీ పందొమ్మిదో లైను దగ్గర నేను టీ గ్లాసు పక్కన పెట్టి మళ్ళీ చదివినా. "అవ్వ చూరు కింద నిలబడి, అప్పటికే పోయినదాని చప్పుడు వింటా ఉంది." ఇది ఎట్ట రాశావో నీకన్నా తెలుసో లేదో! మంట చూసిన క్షణానికి చప్పుడు రాదు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే పోతుంది, పదిహేను కిలోమీటర్ల అవతల నిలబడితే 45 సెకన్ల దాకా పడుతుంది, కిటికీ రెక్కలు అదిరేసరికి రాకెట్టు ఎక్కడో పైన ఉంటాది. షార్ పక్కనుండే సూళ్ళూరుపేట వైపు పిల్లోళ్ళక్కూడా తెలిసిన సంగతే. (2022లో జిల్లాలు విడగొట్టినాక షార్ తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మనం నెల్లూరోళ్ళం మాత్రం ఇంకా మనదే అంటాం, అది వేరే గొడవ.) పోయినవాళ్ళ కబురు ఆలస్యంగా అందే అవ్వ ఆ లైన్లో ఉంది. అక్కడ వెలుగూ శబ్దమూ ఒకేసారి వస్తే ఆ లైనే లేదు. సైన్స్ కవితకి పని చేయడమంటే అది. మిగతా ఇరవై మూడు లైన్లు కొట్టేసి దీంతో మొదలుపెట్టు.

ప్రపంచంలో ఈ రకం కవిత్వానికి పెద్ద దిక్కు అంటే నేను 'అనియారా' అనే పెద్ద కావ్యం పేరే చెప్తా. స్వీడన్ కవి హారీ మార్టిన్సన్ 1956లో అచ్చేశాడు, 103 భాగాలు, ఆయనకి 1974లో నోబెల్ కూడా వచ్చింది. ఎనిమిది వేల మందితో భూమి నుంచి అంగారకుడికి బయల్దేరిన ఓడ దారి తప్పి ఇంక తిరిగిరాని వైపు పోతుంది, అంతే కథ. అందులో ఒకచోట ఖగోళ శాస్త్రజ్ఞుడు గాజు గిన్నె చూపిస్తాడు. గాజులో ఇరుక్కున్న గాలి బుడగ కూడా కదులుతా ఉంటదంట, వెయ్యేళ్ళకి ఇంత అని. మన ఓడ కూడా ఆ బుడగే అంటాడు. ఎంత స్పీడుగా పోతున్నా కదలనట్టే, దూరం అంత పెద్దది. భయం భయం అని అరవకుండానే భయపెట్టాడు చూడండి, మనోళ్ళయితే అక్కడ 'అనంత విశ్వమా' అని పది ఆశ్చర్యార్థకాలు పెట్టేవాళ్ళు.

ప్రశ్న: పుష్పక విమానం, బ్రహ్మాస్త్రం మనకి ఎప్పుడో ఉంటే సైన్స్ ఫిక్షన్ కవిత్వం మనమే మొదలుపెట్టినట్టు గదా?
(ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: కాదండీ. ఒంగోలు నుంచి అడిగారు కాబట్టి ఎర్రన గారిని తెద్దామనుకున్నా గానీ తెలుగు మహాభారతంలో యుద్ధమంతా మా నెల్లూరు తిక్కన గారి వాటాలో పడింది, విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు ఆయనవే. అక్కడ అస్త్రం మంత్రంతో లేస్తుంది, ఎట్ట లేచింది అని ఎవురూ అడగరు, అడిగితే పద్యం పాడైపోద్ది. సైన్స్ ఫిక్షన్‌లో ఆ 'ఎట్ట' అన్నదే ఇంధనం. రెండిట్లో ఏదీ తక్కువ కాదు, దారులే వేరు.

ప్రశ్న: చంద్రయాన్ దిగినాక కూడా చందమామ మీద కవితలు రాయడం సిల్లీగా లేదూ?
(ఒక పాఠకురాలు, కావలి)

జవాబు: పాత ఉపమానాలతో రాస్తే సిల్లీనేనమ్మా. కొత్త సరుకు ఎంత ఉందో చూడండి. 2023 ఆగస్టు 23న దిగిన చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్, ఆరు చక్రాల బండి, అక్కడి ఒక్క పగటిలోనే పనిచేసింది, అక్కడి పగలంటే మనకి సుమారు పద్నాలుగు రోజులు. రాత్రి చలి రాకముందే పడుకోబెట్టారు, మళ్ళీ లేవలా. ఇస్రో వాళ్ళు పిలిచి చూశారు, పలకలా. అక్కడ గాలి లేదు, వాన లేదు కాబట్టి ఆ చక్రాల జాడలు చెరిపేవాళ్ళు లేరు, మన ఊళ్ళు మారిపోయినాక కూడా ఉంటాయి. దాని మీద ఎవురన్నా రాస్తే నాకు పంపండి, 'వెన్నెల' అనే మాట లేకుండా.