ఈస్ట్రోజన్ ఇచ్చిన వెంటనే ఆడ ఎలుక ఎదకి ఎందుకు రాదు?

హార్మోన్ రక్తంలో నిమిషాల్లో తిరుగుతుంది కదా, మరి ఆడ ఎలుక జతకట్టడానికి రెండు రోజులెందుకు పడుతుంది అని అడిగారు. నాకిది పుస్తకం చదివితే అర్థం కాలేదు, ఒక సోమవారం మొత్తం వేస్ట్ చేసుకున్నాక అర్థమైంది.

ఎమ్మెస్సీ ప్రాజెక్ట్‌లో మా దగ్గర అండాశయాలు తీసేసిన ఎలుకలు ఉండేవి, అంటే సొంత హార్మోన్ దాదాపు సున్నా, మనం ఇచ్చిందే పని చేస్తుందన్నమాట. మగదాన్ని వదిలి చూసే టెస్ట్‌కి 48 గంటల ముందు ఈస్ట్రడయోల్ (ఈస్ట్రోజన్‌లో ఒక రకం), 4 గంటల ముందు ఇంకో అండాశయ హార్మోన్ ప్రొజెస్టెరాన్ ఇవ్వాలి. నేను శనివారం ఊరెళ్ళిపోయి సోమవారం పొద్దున వచ్చి రెండూ ఒకేసారి పొడిచేసి మధ్యాహ్నం మగదాన్ని వదిలా. ఒక్కటీ ఒప్పుకోలేదు, వెనక కాళ్ళతో తన్నుడే తన్నుడు, పాపం మగది మూలకెళ్ళి మూతి తుడుచుకుంటూ కూర్చుంది. సీనియర్ అక్క చూసి "కుర్చీ వెయ్యకుండా చుట్టాన్ని కూర్చోమన్నావేంట్రా" అని ఒకటే నవ్వు.

ఆ కుర్చీయే అసలు విషయం. ఈస్ట్రడయోల్ కొవ్వులో కరిగే మాలిక్యూల్, మెదడులోకి ఈజీగా వెళ్ళిపోతుంది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో వెంట్రోమీడియల్ న్యూక్లియస్ అని చిన్న భాగం ఉంటుంది, అక్కడి న్యూరాన్లలో ఈస్ట్రోజన్ రిసెప్టర్ ఆల్ఫాకి (రిసెప్టర్ అంటే హార్మోన్ వచ్చి అతుక్కునే ప్రొటీన్) అతుక్కుని డీఎన్ఏ దగ్గరకెళ్ళి కొన్ని జీన్స్‌ని ఆన్ చేస్తుంది, వాటి నుంచి కొత్త ప్రొటీన్లు తయారవ్వాలి, అందులో ముఖ్యమైనది ప్రొజెస్టెరాన్ రిసెప్టర్. అది తయారయ్యే లోపు ప్రొజెస్టెరాన్ ఎంత పోసినా కూర్చోడానికి చోటే ఉండదు. ప్రొటీన్ తయారీని ఆపే మందు ఆ భాగంలో పెడితే హార్మోన్లు ఇచ్చినా ప్రవర్తన రాదు, ఆ రిసెప్టర్ ఆల్ఫా జీన్ తీసేసిన ఎలుకల్లోనూ అంతే.

ఇంకోటి, చాలామంది హార్మోనే నడుం వంచేస్తుంది అనుకుంటారు, కాదు. మగది ఎక్కి పక్కటెముకల దగ్గర, వెనకవైపు పట్టుకున్నప్పుడు ఆ స్పర్శ వెన్నుపాము ద్వారా పైకి వెళ్ళాలి, హైపోథాలమస్ నుంచి నడిమెదడులోని పెరియాక్విడక్టల్ గ్రే అనే భాగానికి అప్పటికే "సరే" అని సిగ్నల్ పడుతూ ఉండాలి, అప్పుడే వెన్ను కండరాలు బిగిసి నడుం కిందికి వంగి తోక పక్కకి పోతుంది. దీన్నే లార్డోసిస్ అంటారు. ఈ దారంతా అమెరికాలోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో డొనాల్డ్ ఫాఫ్ అనే మెదడు శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి కూర్చుని గీశాడు. 2019లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు చిట్టెలుకల్లో చూపించింది నాకు ఇంకా నచ్చింది, ఎద సమయంలో ఆ వెంట్రోమీడియల్ న్యూరాన్ల నుంచి హైపోథాలమస్‌లోనే ముందున్న ఇంకో భాగానికి వెళ్ళే తీగల చివర్లు దాదాపు మూడింతలవుతాయి, మళ్ళీ తగ్గిపోతాయి. ఎలుకకి ఎద 4-5 రోజులకోసారి వస్తుంది, మన గేదెల్లా 21 రోజులకి కాదు, అంటే ఈ వైరింగ్ పని వారం తిరక్కుండానే మళ్ళీ మొదలు.

మీరు టెస్ట్ చేసేటట్టయితే చీకటి టైంలో ఎర్ర లైట్ కింద చెయ్యండి. 10 సార్లు మగది ఎక్కితే ఎన్నిసార్లు వంగిందో లెక్కెయ్యడం మామూలే కానీ చిన్న పంజరంలో ఆడదానికి పారిపోయే చోటు ఉండదు కాబట్టి ఆ నంబర్‌ని నేను పెద్దగా నమ్మను. మధ్యలో ఆడది మాత్రమే పట్టే కన్నాలతో అడ్డు పెడితే అదే వస్తూ పోతూ స్పీడ్ డిసైడ్ చేస్తుంది. తర్వాతి వారం సరిగ్గా టైంకి ఇచ్చాను, మగదాన్ని వదలగానే ఆడది గెంతుతూ పరిగెత్తి టక్కున ఆగి చెవులు చకచకా ఆడించింది, ఎదకి వచ్చిందనడానికి గుర్తులే అవి, అక్క మాత్రం ఈసారి నవ్వలేదు, డేటా షీట్ ఇటివ్వు అంది.