బ్రూనో కార్డు ఫోటో పంపు

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. పురిటికి పుట్టింటికి రానన్నావట, మియాపూర్‌లోనే ఉంటానన్నావట. మీ కుక్క బ్రూనోని ఎవరికైనా ఇచ్చేయమని మీ అత్తగారంటే "అది కూడా ఇంట్లో మనిషే అత్తయ్యా" అన్నావట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సాకిన జీవాన్ని కడుపు పండగానే గెంటెయ్యనన్నావు, అందుకు సంతోషం. గుబులు మాత్రం దానికి రెండింతలు. ఎందుకో సగం ఉత్తరానికొచ్చేసరికి నీకే తెలుస్తుంది. ఫోన్లో చెబుదామంటే నా చెవులు సరిగ్గా పనిచెయ్యవు. పైగా ఇందులో ఒక సంగతి నోటితో చెప్పలేను.

తేలికవి ముందు చెప్పేస్తాను. బ్రూనోకి నట్టల మందు మూడు నెలలకోసారి తప్పకూడదు. చెవుల వెనక, వేళ్ళ సందుల్లో గోమార్లు ఉన్నాయేమో వారానికోసారి చూడండి. గోళ్ళు కత్తిరించండి. వాడేసిన డైపర్లు మూత ఉన్న డబ్బాలో వెయ్యండి. ఆ కంపంటే కుక్కలకి ప్రాణం, చింపి మింగితే లోపల ఉబ్బి పేగుకి అడ్డం పడుతుంది. బాల్కనీలోకొచ్చే పిల్లికి నువ్వు పాలు పోస్తావని నాకు తెలుసు. పోసుకో, కానీ దాని పెంట నువ్వు ఎత్తకు, అబ్బాయికి చెప్పు. అందులో టాక్సోప్లాస్మా అని ఒక క్రిమి ఉండొచ్చు, కడుపులో బిడ్డకి చేటు. బిడ్డ పుట్టాక ఆ తలుపు మూసే ఉంచు. పిల్లి వెచ్చటి చోటు వెతుక్కుంటుంది, ఉయ్యాలకన్నా వెచ్చటి చోటు ఏముంటుంది? అది వచ్చి ముఖం పక్కన ముడుచుకుంటే పసిగుడ్డుకి తల తిప్పుకునే బలం కూడా ఉండదు.

బ్రూనో ఇప్పుడు మీ మంచం మీదే పడుకుంటోందట కదా. మీ ఆయనా నువ్వూ కలిసి దాన్ని పాడుచేశారు, ఆ మాట అనక తప్పదు. బిడ్డ వచ్చాక దించేద్దామనుకుంటున్నారేమో, అలా చెయ్యొద్దు. ఇవాళ్టి నుంచే హాల్లో పరుపు వేసి అలవాటు చెయ్యండి. ఇంకా రెండు నెలలుంది. బిడ్డ వచ్చిన రోజునే దాని చోటు పోతే, ఎవరి వల్ల పోయిందో దానికి అర్థమవుతుంది. కుక్కలకి లెక్కలు రావుగానీ ఈ లెక్క వస్తుంది. ఉయ్యాల కూడా ఇప్పుడే తెచ్చి పెట్టండి, వాసన చూసి చూసి విసుగు పుట్టి వదిలేస్తుంది. చీర ఉయ్యాల మాత్రం వద్దు. కిందకి వేలాడుతుంది, ఊగుతుంది, లోపల్నుంచి ఏదో కదులుతూ కుయ్ మంటుంది. బ్రూనో కాలు వేసి లాగి చూడకుండా ఉంటే నేను ఆశ్చర్యపోతాను. గట్టి కాళ్ళున్న ఎత్తు ఉయ్యాల కొనండి, డబ్బులు నేనిస్తాను.

ఆసుపత్రి నుంచి వచ్చే ముందు రోజు బిడ్డకి చుట్టిన గుడ్డ ఒకటి ఇంటికి పంపించు. అబ్బాయి దాన్ని చేత్తో పట్టుకుని దూరం నుంచి బ్రూనోకి వాసన చూపించాలి, ముక్కుకి పులమకూడదు. మీరొచ్చే రోజు పొద్దున్నే బ్రూనోని బాగా తిప్పి అలిసిపోయేలా చెయ్యాలి. గుమ్మంలో దిష్టి తీశాక బిడ్డని మీ అమ్మ చేతికిచ్చి నువ్వు ఖాళీ చేతులతో ముందు లోపలికి వెళ్ళు. వారం రోజులు నీకోసం చూసింది కదా, నీ మీదకి ఎగురుతుంది. ఎగరనీ, ఆ సంబరం తీరాకే బిడ్డ లోపలికి రావాలి. ముఖం, చేతులు నాకనివ్వొద్దు. "పాపం, ప్రేమ" అంటావు, నాకు తెలుసు. పాదాలు వాసన చూడనియ్యి, చాలు.

ఇక అసలు సంగతి.

1969 వేసవి. మీ అమ్మ తొమ్మిది నెలల పిల్ల. పిఠాపురం దగ్గర మన పాత పెంకుటిల్లు, వెనక పెరడు, పెరట్లో పనస చెట్టు. నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరి మూడేళ్ళయింది. భీముడని ఒక నాటుకుక్క ఉండేది, నల్లటిది, ఒక చెవి ఎప్పుడూ మడతపడి ఉండేది. నా పెళ్ళికి ముందు నుంచీ నా దగ్గరే. మీ అమ్మ పాకడం మొదలెట్టాక దాని వెంటే పడేది. తోక పట్టుకునేది, మడత చెవిని పట్టి లాగేది. రెండు మూడు సార్లు అది గుర్రుమంది. గుర్రుమన్నప్పుడల్లా నేను బెత్తంతో రెండు తగిలించాను, పిల్ల మీద గుర్రుమంటావా అని. పది రోజులు తిరిగేసరికి ఆ చప్పుడు మానేసింది. "చూశావా, దారికొచ్చింది" అని మీ అమ్మమ్మ దగ్గర గొప్ప చెప్పుకున్నాను కూడా. దారికి రావడమేంటి నా మొహం! కరవబోయే ముందు అది చెప్పుకోగలిగిన ఒకే ఒక్క మాటని నేను కొట్టి మాన్పించాను.

ఆ రోజు ఆదివారం, చేపల పులుసు వండారు. మీ అమ్మమ్మ మిగిలిన అన్నంలో తలకాయలూ ముళ్ళూ కలిపి సత్తు గిన్నెలో భీముడికి పెట్టి బావి దగ్గరికి వెళ్ళింది. నేను వెనక వసారాలో పిల్లని చాప మీద వదిలి పేపరు చదువుతున్నాను. పిల్ల చాప దాటింది, చూశాను. మెట్టు దిగింది, అదీ చూశాను. మన భీముడే కదా అనుకున్నాను. పేజీ తిప్పాను. గిన్నె బోర్లా పడ్డ చప్పుడు ముందొచ్చింది, తర్వాత ఏడుపు. గుర్రుమన్న చప్పుడు మాత్రం రాలేదు.

ఎడమ బుగ్గ మీద రెండు పళ్ళు దిగాయి, ఒకటి లోతుగా. మా అమ్మ పరుగెత్తుకొచ్చి సున్నమూ పసుపూ కలిపి మెత్తేసింది. అదంతా కడిగేసి, బావి గట్టు మీద కూర్చుని లైఫ్‌బాయ్ సబ్బుతో రుద్దుతూ నీళ్ళు పోస్తూనే ఉన్నాను. ఆ రోజు మొత్తంలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే. కడుగుతుండగా గుర్తొచ్చింది. అంతకు రెండు నెలల ముందే ఊళ్ళో పెంపుడు కుక్కలన్నిటికీ రేబిస్ సూదులు వేశాం. రిజిస్టర్లో పేర్లు నేనే రాశాను. భీముడి పేరు అందులో లేదు. ఇంట్లోదే కదా, ఎప్పుడైనా వెయ్యొచ్చులే అనుకున్నాను. దీపం కిందే చీకటంటారు.

అప్పట్లో పిచ్చికుక్క కాటుకి బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు, రోజుకొకటి. గొర్రె మెదడుతో చేసిన మందు. ముఖం మీద కాటు, మెదడుకి దారి దగ్గర, ఆలోచించడానికి టైమ్ లేదు. రోజూ కాకినాడ బస్సు. పిల్లని నేను పట్టుకునేవాణ్ణి, మీ అమ్మమ్మ బయట నిలబడేది. అరచెయ్యంత పొట్ట మీద నిన్నటి సూది వాపు తగ్గకముందే ఇవాళ్టిది ఎక్కడ వెయ్యాలా అని డాక్టరుగారు వెతికేవారు. ఆ మందు వల్ల ఎక్కడో ఒకరికి కాళ్ళు పడిపోతాయని నేను విని ఉన్నాను. మీ అమ్మమ్మకి ఆ మాట చెప్పలేదు. రాత్రిళ్ళు అందరూ పడుకున్నాక పిల్ల అరికాలు వేలితో గీరి, కాలు ముడుచుకుంటే ఊపిరి పీల్చుకునేవాణ్ణి. తర్వాత రెండో కాలు.

భీముణ్ణి పశువుల పాకలో గొలుసుతో కట్టేశాను. పది రోజులు కనిపెట్టి చూడాలి. దాని చొంగలో ఆ జబ్బు ఉంటే పది రోజుల్లో అది జబ్బు పడటమో చావడమో జరగాలి. తెల్లవారుజామున లాంతరు పట్టుకుని వెళ్ళి అన్నం తిందా, నీళ్ళు తాగిందా చూసేవాణ్ణి. నన్ను కరిచినా బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. అది నన్ను చూసి తోక ఊపేది. పదకొండో రోజు పొద్దున కూడా ఊపింది. డాక్టరుగారు ఇక సూదులు చాలన్నారు.

డాక్టరుగారికి నిజం చెప్పాను. ఊళ్ళో మాత్రం వీధికుక్క కరిచిందని చెప్పాం. పశువుల ఆసుపత్రిలో పనిచేసేవాడి కుక్కకే సూది లేదంటే ఊళ్ళో తలెత్తుకోలేనని ఆ మాట పుట్టించింది నేనే. మీ అమ్మ ఇప్పటికీ అదే అనుకుంటోంది. ఆ బుగ్గ మీద గీతని చిన్నప్పుడు నువ్వు వేలితో తడిమి "ఇదేంటమ్మా" అంటే, ఆవిడ "వీధికుక్క" అంటుంటే, నేను పక్క గదిలోకి వెళ్ళిపోయేవాణ్ణి. భీముడు మాత్రం ఆ తర్వాత ఇంకో ఆరేళ్ళు మన ఇంట్లోనే బతికింది. మీ అమ్మ దాని పక్కన కూర్చుని ఆడుకునేది. నేనూ పక్కనే ఉండేవాణ్ణి, పేపరు లేకుండా.

కాబట్టి తల్లీ, మొదటి మూడు నెలల గురించి నాకు అంత టెన్షన్ లేదు, అప్పుడు బిడ్డ చుట్టూ పదిమంది ఉంటారు. బిడ్డ పాకడం మొదలెట్టే రోజు గురించే నా భయం. అప్పటికి మీ అమ్మ వెళ్ళిపోయి ఉంటుంది, నువ్వు ల్యాప్‌టాప్ ముందు ఉంటావు, బ్రూనో అలవాటైపోయి ఉంటుంది. వంటింటి గుమ్మానికి, హాలుకి గేట్లు పెట్టించండి. అది తినేటప్పుడు బిడ్డ గేటుకి ఇవతలే ఉండాలి, తిన్నాక గిన్నె తీసెయ్యాలి. కాలింగ్ బెల్ మోగినా సరే, బిడ్డని చంకనేసుకునే వెళ్ళు. లేదా దాన్ని గేటు అవతలికి పంపు. ఇద్దర్నీ ఒక్క గదిలో వదిలి వెళ్ళావని తెలిస్తే, ఎనభై మూడేళ్ళని కూడా చూడను, అక్కడికొచ్చి మరీ తిడతాను.

గుర్రుమంటే కొట్టకు. బిడ్డని ఎత్తుకుని పక్కకి వెళ్ళిపో, అది ఎందుకు విసిగిందో ఆలోచించు. అసలు గుర్రుమనే దాకా రానివ్వొద్దు. ముఖం పక్కకి తిప్పేసుకోవడం, తిండి లేకుండానే పెదాలు నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, కంట్లో తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూడటం, ఉన్నపళాన కర్రలా బిగుసుకుపోవడం, ఇవన్నీ "ఇక చాలు" అనడమే. అబ్బాయికి కూడా ఈ పేరా చదివించు. బిడ్డని దాని వీపు మీద కూర్చోబెట్టి ఫోటోలు తీసే రకం అతను.

అన్నీ చూసుకున్నా పన్నో గోరో తగిలిందనుకో, ఎంత చిన్న గీరుడైనా సరే, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, గడియారం చూసి. పసుపు, కాఫీ పొడి, ఎవరెన్ని చెప్పినా ఏదీ పెట్టకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ పాత మందు మన దేశంలో ఆపేసి ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడు పసివాళ్ళకి తొడ మీదే వేస్తారు, పిరుదుకి వెయ్యకూడదు. మొదటి రోజు, మూడు, ఏడు, పధ్నాలుగు, ఇరవై ఎనిమిది, ఇలా తేదీలిస్తారు. రక్తం వస్తే గాయం చుట్టూ ఇంకో సీరం కూడా ఎక్కించాలి, వాళ్ళు చెప్పకపోతే నువ్వే అడుగు. మన కుక్కకి సూది ఉందిగా అని ఇంట్లో కూర్చుని తేల్చొద్దు, అది డాక్టరు తేల్చాలి. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక ఎవరూ ఏం చెయ్యలేరమ్మా. అందుకే ఇంత రాస్తున్నాను.

నువ్వు చిన్నప్పుడు కుక్కపిల్లని గౌనులో దాచుకుని బడికి తీసుకెళ్ళావు, గుర్తుందా? మాస్టారు కబురు పెడితే నేనే వచ్చాను. తిట్టాలని వచ్చి, దాన్నీ నిన్నూ సైకిలు ముందు కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. నీ బిడ్డ కూడా అలాగే పెరగాలి. బ్రూనోని ఇచ్చెయ్యకు. మీ అత్తగారితో నేను మాట్లాడతాను.

వచ్చే నెల పదిహేనున సామర్లకోటలో గౌతమి ఎక్కుతున్నాను, లింగంపల్లికి అబ్బాయిని రమ్మను. ఈ కాగితం మీ అమ్మ కంట పడనివ్వకు. ఆ సంగతి నేనే చెబుతాను, ఆవిడ ఎదురుగా కూర్చుని. ఎలా మొదలెట్టాలో రైల్లో ఆలోచించుకుంటాను.

బ్రూనో సూదుల కార్డు ఫోటో మాత్రం ఇవాళే పంపు. రేబిస్ సూది వేసిన తేదీ, మళ్ళీ వెయ్యాల్సిన తేదీ రెండూ కనపడేలా తియ్యి.

మీ తాతయ్య